పప్పు అన్నా తప్పే!

మాటకు స్వేచ్ఛ ఉండాలి. నిజమే. మరి ఆ మాటే ఊళ్లకు నిప్పు పెడితే? కత్తెర వేయాలి. అదీ నిజమే. కానీ కత్తెర పట్టుకున్నవాడికి అసలు ఆ భాషే రాకపోతే? ఈ మూడు ప్రశ్నలూ ఒక్కసారే మీదపడి చితికిపోయిన దేశం ఎక్కడో లేదు... మన పొరుగునే ఉంది. ఒకప్పుడు మనవాళ్లు పొట్ట చేతపట్టుకుని ఓడలెక్కి వెళ్లిన బర్మా!

2017 వేసవి. బర్మాలో ఫేస్‌బుక్ వాడేవాళ్లకు విచిత్రమైన అనుభవాలు ఎదురయ్యాయి. ఒకరు శనగపప్పు గురించి రాశారు. పోస్టు మాయం! ఇంకొకరు కుర్చీ గురించి రాశారు. అదీ మాయం! మరికొందరి ఖాతాలు కొన్నాళ్లపాటు మూతపడ్డాయి. పప్పులో ఏం తప్పుంది, కుర్చీ ఎవరిని ఏమంది అని జనం తలలు పట్టుకున్నారు.

అసలు సంగతేమిటంటే, బర్మీస్‌లో శనగపప్పును ‘కలాపే’ అంటారు. కుర్చీ ‘కలాథైన్’. ఒంటె పేరులోనూ ఆ ‘కలా’యే ఉంది. ‘కలా’ అంటే పడమటి దిక్కు నుంచి వచ్చినవాడు, ముఖ్యంగా భారతదేశం నుంచి వచ్చినవాడు. ఆ మాట ఎలా పుట్టిందన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు కానీ, వందల ఏళ్లుగా వాడుకలో ఉంది. ఇండియావాళ్లు తెచ్చిన పప్పు కాబట్టి ‘కలా’ పప్పు. చాపమీద కాకుండా వాళ్లు ఎత్తుగా కూర్చునే పీట కాబట్టి ‘కలా’ పీట. మనం సీమచింతకాయ, సీమపంది అన్నట్టే!

అదే మాటను పళ్లు బిగించి అంటే తిట్టు. నల్లగా ఉన్నవాణ్ని, ముక్కూ మొహం వేరుగా ఉన్నవాణ్ని, మరీ ముఖ్యంగా ముస్లింని ఈసడించే తిట్టు. రొహింగ్యాలమీద విషం కక్కిన పోస్టుల్లో అదే ఊతపదం. దాంతో ఆ తిట్టును అరికట్టాలని ఫేస్‌బుక్ కంపెనీ నిర్ణయించింది. ఉద్దేశం మంచిదే. తిట్టుగా వాడితేనే తీసేయాలి, మామూలుగా వాడితే వదిలేయాలి అన్నదే నియమమని కంపెనీ చెప్పుకుంది కూడా. కానీ అమలుకొచ్చేసరికి వడగట్టేవాళ్ల జల్లెడలో రాళ్లతోపాటు బియ్యమూ పోయాయి. ఆఖరికి ‘ఎవరినీ కలా అని పిలవకండి, అది తప్పు’ అని బుద్ధి చెప్పినవాళ్ల రాతలూ ఎగిరిపోయాయి. పోస్టులో ఆ మాట ఉందిగా మరి!

సందర్భం అర్థంకాక ఈ నియమాన్ని సరిగా అమలు చేయలేకపోయామని 2017 జూన్‌లో ఫేస్‌బుక్ ఒప్పుకొంది. ఇప్పుడు సర్దుకున్నామనీ, అయినా ఇది తేలిగ్గా తేలే చిక్కు కాదనీ అంది. ఆ మాట అన్న రెండు నెలలకే బర్మా పశ్చిమాన రఖైన్ రాష్ట్రంలో ఊళ్లు తగలబడ్డాయి.

కోరంగీ నుంచి రంగూన్‌కి

‘కలా’ అన్న పిలుపు తెలుగువాళ్లకు పరాయిది కాదు. దాన్ని పడినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖపట్నం నుంచి కూలికోసం ఓడలెక్కి వెళ్లినవాళ్లతో రంగూన్ రేవు నిండిపోయేది. కోరంగి నుంచి వచ్చారు కాబట్టి అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడిపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికిపైగా భారతీయులే.

1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. తరువాత రాజీ కుదిరి పాతవాళ్లను వెనక్కి పిలిచారు. వచ్చిన పని చేజారిన బర్మీయులకు కడుపు మండింది. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికిపైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. కంపెనీలు ఆడిన ఆటలో కూలీలు కూలీలను చంపుకున్నారు.

ఎనిమిదేళ్ల తరువాత, 1938లో మరో గొడవ. బౌద్ధాన్ని విమర్శిస్తూ ఒక ముస్లిం రాసిన పాత పుస్తకం మళ్లీ అచ్చయింది. కొన్ని బర్మీస్ పత్రికలు దాన్ని పట్టుకుని రోజూ రాశాయి. సభలు జరిగాయి, ఊరేగింపులు బయల్దేరాయి, దుకాణాలు కాలిపోయాయి. విచారణకు ప్రభుత్వం వేసిన కమిటీ పత్రికలను గట్టిగానే తప్పుపట్టింది. అంటే ఫేస్‌బుక్ లేనప్పుడు ఆ పని పత్రికలు చేశాయన్నమాట. పత్రికలవాళ్లకు ఈ ముక్క చెప్పుకోవడం కాస్త ఇబ్బందే... అయినా చెప్పుకోవాలి.

రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ బాంబులకు భయపడి లక్షలమంది భారతీయులు అడవులకడ్డంపడి నడిచొచ్చారు. 1962లో సైన్యం గద్దెనెక్కాక మిగిలినవాళ్లలోనూ చాలామంది తిరుగు ఓడ ఎక్కారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మాక్యాంపు ఆ తిరుగు ప్రయాణాల గుర్తే.

సిమ్‌కార్డుతో వచ్చిన లోకం

సైనిక పాలనలో బర్మా దాదాపు అర్ధశతాబ్దం నోరు కుట్టేసుకుని బతికింది. ప్రతి పత్రికా అచ్చుకు ముందే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాలి. అక్కడ ఎర్రసిరా గీత పడిందంటే ఆ పేజీ అంతే. ఫోన్ సంగతి సరేసరి. ఒక సిమ్‌కార్డు కొనాలంటే వందల డాలర్లు పోయాలి. 2011 తరువాత పాలకులు కాస్త పట్టు సడలించారు. 2012లో ముందస్తు సెన్సారు ఎత్తేశారు. 2014లో విదేశీ ఫోన్ కంపెనీలొచ్చి అదే సిమ్‌ను 1,500 చాట్లకు, అంటే ఒకటిన్నర డాలరుకు అమ్మాయి. జనం బారులు తీరారు.

కంప్యూటర్ అంటే ఏమిటో, ఈమెయిల్ అంటే ఏమిటో తెలియని ఊళ్లు నేరుగా స్మార్ట్‌ఫోన్ మెట్టెక్కాయి. ఫోను కొన్న కొట్లోనే కుర్రాడు ఫేస్‌బుక్ ఖాతా తెరిచి ఇచ్చేవాడు. వార్తలు, బేరాలు, పెళ్లి కబుర్లు, ప్రభుత్వ ప్రకటనలు అన్నీ అక్కడే. ఇంటర్నెట్టూ ఫేస్‌బుక్కూ వేర్వేరని చాలామందికి తెలియదు. 2018 నాటికి సుమారు కోటీ ఎనభై లక్షలమంది వాడుతున్నారు.

ఇన్నాళ్లూ మాట్లాడనివ్వని జనానికి ఒక్కసారిగా మైకు దొరికింది. కొందరు ఆ మైకులో పాట పాడారు. కొందరు ప్రభుత్వాన్ని నిలదీశారు. మాండలేలోని విరాతు అనే బౌద్ధ భిక్షువు లాంటివాళ్లు ముస్లింల మీద నిప్పులు చెరిగారు. 2014 జూన్ ఆఖరులో ఒక ముస్లిం టీకొట్టు యజమాని తన పనిమనిషిమీద అత్యాచారం చేశాడన్న కబురు ఫేస్‌బుక్‌లో గుప్పుమంది. విరాతు దాన్ని తన పేజీలో పెట్టారు. మర్నాడు ఆ టీకొట్టు ముందు వందలమంది! అల్లర్లలో ఇద్దరు చనిపోయారు. ఒకరు బౌద్ధుడు, ఒకరు ముస్లిం. తీరా విచారణలో తేలిందేమిటంటే అత్యాచారమే జరగలేదు. డబ్బు తీసుకుని అబద్ధం చెప్పానని ఆ మహిళ ఒప్పుకొందని అధికారులు ప్రకటించారు. ఆమెతోపాటు మరికొందరికి జైలుశిక్షలు పడ్డాయి. పోయిన రెండు ప్రాణాలు మాత్రం తిరిగిరాలేదు.

చంపమంటే... వానవిల్లు!

ఇంత మంట రాజుకుంటుంటే ఆర్పేవాళ్లు ఎంతమంది? 2015 మొదట్లో ఫేస్‌బుక్ తరఫున బర్మీస్ పోస్టులను చదివి తప్పొప్పులు తేల్చడానికి ఆ భాష వచ్చినవాళ్లు ఇద్దరంటే ఇద్దరే ఉన్నారని 2018 ఆగస్టులో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఇద్దరు మనుషులు, లక్షల పోస్టులు! ఫిర్యాదు చేద్దామని నిబంధనలు చదవబోతే మొదట్లో అవి బర్మీస్‌లోనే లేవు.

మనుషులు లేకపోతేనేం, యంత్రం ఉందిగా అనుకోవచ్చు. ఆ యంత్రం ఘనత కూడా రాయిటర్స్ కథనంలోనే ఉంది. దేశంలో కనబడిన కలాలందరినీ చంపేయండి, ఒక్కరినీ మిగల్చొద్దు అనే అర్థంతో ఒకరు రాశారు. ఫేస్‌బుక్ అనువాద యంత్రం దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చిన తీరు చూడండి... మయన్మార్‌లో నాకు వానవిల్లు ఉండకూడదు! ఇది చదివిన అమెరికా ఉద్యోగి ఏమనుకుంటాడు? ఎవరో కవి అనుకుంటాడు. ఆ కథనం వచ్చాక కంపెనీ బర్మీస్ అనువాద సదుపాయాన్ని తీసేసింది.

అక్షరాల చిక్కు మరొకటి. బర్మాలో ఎక్కువమంది ‘జాగ్యీ’ అనే స్థానిక ఫాంటులో టైపు చేసేవారు. ప్రపంచమంతా ఒప్పుకొన్న యూనికోడ్‌కూ దానికీ పొత్తు కుదరదు. మనిషి కంటికి అక్షరమే, యంత్రానికి మాత్రం పిచ్చిగీతలు. ఈ బాధ తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 2000 తరువాత చాలా ఏళ్లపాటు ఒక్కో తెలుగు పత్రిక వెబ్‌సైట్‌కి ఒక్కో ఫాంటు. అది దింపుకోకపోతే తెరమీద చుక్కలూ గీతలే. గూగుల్లో వెతికితే ఏమీ దొరికేది కాదు. మనం ఆ గుంట నుంచి మెల్లగా బయటపడ్డాం. బర్మా అధికారికంగా యూనికోడ్‌కి మారింది 2019 అక్టోబరులో... అప్పటికే జరగాల్సిన ఘోరం జరిగిపోయింది.

2017 ఆగస్టు 25న రొహింగ్యా సాయుధులు పోలీసు ఠాణాల మీద దాడి చేశారు. సైన్యం ఊళ్లకు ఊళ్లనే తగలబెట్టింది. కొద్దినెలల్లోనే ఏడు లక్షలమందికిపైగా రొహింగ్యాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో పడ్డారు. ఈ దారుణంలో సామాజిక మాధ్యమాలది నిర్ణయాత్మక పాత్ర అని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం అధ్యక్షుడు మర్జుకీ దారుస్మాన్ 2018 మార్చిలో అన్నారు. మరుసటి నెల అమెరికా సెనేట్ ముందు నిలబడిన మార్క్ జుకర్‌బర్గ్, బర్మీస్ తెలిసినవాళ్లను డజన్లకొద్దీ నియమిస్తున్నామనీ, స్థానిక భాష రానివాళ్లు విద్వేషాన్ని పట్టుకోవడం కష్టమనీ చెప్పారు. ఆ ముక్క అర్థం కావడానికి అంత పెద్ద కంపెనీకి అన్నేళ్లు పట్టింది!

ఆగస్టు 27న సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్‌తో సహా 20మంది వ్యక్తులనూ సంస్థలనూ ఫేస్‌బుక్ వెలివేసింది. తీసేసిన ఖాతాలూ పేజీలనూ అనుసరిస్తున్నవారి సంఖ్య కోటీ ఇరవై లక్షలకు దగ్గర్లో ఉంది. ఆ తరువాత న్యూయార్క్ టైమ్స్ మరో రహస్యం విప్పింది. సినిమాతారల పేర్లతో, సరదా కబుర్ల పేర్లతో నడిచిన ఎన్నో పేజీల వెనకున్నది సైన్యమేనట. ఆ పనిమీద సుమారు ఏడొందలమంది ఉండేవారట. జనం నోట పుట్టిందనుకున్న ద్వేషంలో కొంత అలా బ్యారక్‌లలో తయారైంది.

పూలు పట్టిన నోరు

మరి చట్టమేం చేసింది? చట్టం ఉంది. 2013నాటి టెలికం చట్టంలోని సెక్షన్ 66(డి). పరువు తీసినా, వేధించినా అప్పట్లో మూడేళ్ల దాకా జైలు. కానీ అది ఎవరిమీద పడిందో చూస్తే కళ్లు తిరుగుతాయి. సైన్యాధిపతి కొత్త యూనిఫాం రంగు, ప్రతిపక్ష నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ లుంగీ రంగు ఒకేలా ఉన్నాయని చమత్కరించిన ఓ యువతికి 2015లో ఆరునెలల జైలు. అధ్యక్షుడి బొమ్మను పచ్చబొట్టు పొడిపించుకున్నట్టు కవిత రాసిన మౌంగ్ సౌంగ్‌ఖా అనే యువకవికి ఆరునెలలు. ఊళ్లు తగలబెట్టమన్నవాళ్లేమో దర్జాగా తిరిగారు. సూచీ పార్టీ అధికారంలోకొచ్చాక కూడా ఈ కేసులు తగ్గలేదు సరికదా... పెరిగాయి.

అంకె చూస్తే మనకూ ఏదో గుర్తుకొస్తుంది. మన ఐటీ చట్టంలోనూ ఒక 66(ఎ) ఉండేది. ‘చికాకు కలిగించే’ రాతలకు మూడేళ్ల శిక్ష. 2012 నవంబరులో ఒక నాయకుడి మరణానంతరం ముంబయి ఎందుకు మూతపడాలని ఫేస్‌బుక్‌లో అడిగిన అమ్మాయినీ, దాన్ని మెచ్చుకున్న ఆమె స్నేహితురాలినీ పోలీసులు అరెస్టు చేసింది దాని కిందే. న్యాయవిద్యార్థిని శ్రేయా సింఘాల్ వేసిన పిటిషన్‌పై 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ తీర్పులో ఓ పనికొచ్చే విడమరుపు ఉంది. చర్చించడం వేరు, ఒక వాదాన్ని గట్టిగా సమర్థించడం వేరు, ఉసిగొల్పడం వేరు. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా భరించాల్సిందే. మూడోదాని దగ్గరే చట్టం అడ్డుపడాలి.

బర్మాలో ఈ తేడాను కోర్టులో కాకుండా జైల్లో నేర్చుకున్న మనిషి ఒకరున్నారు. పేరు నే ఫోన్ లాట్. బ్లాగర్. 2007లో భిక్షువులు సైన్యానికి ఎదురుతిరిగినప్పుడు సమాచారం బయటికి పొక్కడానికి సాయపడిన కుర్రాళ్లలో ఒకడు. 2008లో అరెస్టయ్యారు. సైనిక పాలకుడిమీద గీసిన కార్టూను ఈమెయిల్‌లో దాచుకోవడం కూడా నేరాల జాబితాలో ఉంది. శిక్ష ఇరవై ఏళ్లకు పైనే! 2012 జనవరిలో క్షమాభిక్షతో బయటికొచ్చారు. చిత్రమేమిటంటే, విద్వేషం రెచ్చగొట్టాడని 2003లో జైలుకెళ్లిన విరాతు బయటపడిందీ అదే నెలలో. మాట్లాడినందుకు లోపలికెళ్లిన ఇద్దరు ఒకే తలుపులోంచి బయటికొచ్చారు. ఒకరు నిప్పు పట్టుకున్నారు... ఇంకొకరు పూలు.

2014లో నే ఫోన్ లాట్, ఆయన మిత్రులు ‘పన్‌జగా’ అనే ఉద్యమం మొదలుపెట్టారు. పన్‌జగా అంటే పూలమాట. నోట పువ్వు పట్టుకున్న అమ్మాయి బొమ్మ దాని గుర్తు. ద్వేషం పలకను, వ్యాపింపజేయను అని ప్రతినపట్టి జనం పువ్వు నోట పెట్టుకుని ఫొటోలు దిగారు. విద్వేషాన్ని ఆపడానికి ఇంకో చట్టం తెమ్మని మాత్రం ఆయన అడగలేదు. ప్రభుత్వం చేతికి ఆ తాళం ఇస్తే అన్ని నోళ్లకూ వేస్తుందన్నది ఆయన భయం. నాలుగేళ్లు జైల్లో ఉన్న మనిషికి ఆ భయం ఉండదా!

ఫేస్‌బుక్ కూడా ముచ్చటపడి 2015లో పూలమాట స్టిక్కర్లు తెచ్చింది. విషపు పోస్టు కనబడితే దానికింద పువ్వు బొమ్మ అతికించొచ్చు. బాగుంది కదూ? ఇక్కడే మెలిక. ఒక పోస్టు కింద స్పందనలు ఎన్ని ఎక్కువైతే ఫేస్‌బుక్ యంత్రం దాన్ని అంత ఎక్కువమందికి చూపిస్తుంది. తిట్టినా స్పందనే, పువ్వు పెట్టినా స్పందనే! శాంతికోసం అతికించిన పువ్వులు విషాన్నే ఇంకా పైకి తేలేలా చేశాయని బర్మా కార్యకర్తలు తరువాత వాపోయారు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2022 నివేదికలో ఈ సంగతి ఉంది. పోస్టు తీసేయాలా ఉంచాలా అని అందరూ కొట్టుకుంటూ ఉంటారు కానీ, దాన్ని ఊరంతా దండోరా వేసేదెవరన్న ప్రశ్న చాలాసార్లు పక్కకి పోతుంది.

చైనావాడంటే ఎవరు?

2018 చివరికి కంపెనీ దగ్గర బర్మీస్ తెలిసిన పరిశీలకులు వందమంది దాకా చేరారు. ఇక సమస్య తీరినట్టేనా? 2021లో సైన్యం మళ్లీ అధికారాన్ని లాక్కున్నాక జరిగిన ఓ ఉదంతం వినండి.

ఆ ఏప్రిల్లో ఒకరు బర్మీస్‌లో పెద్ద పోస్టు రాశారు. సైన్యానికి డబ్బు అందకుండా చేయడమెలా అన్నది విషయం. మధ్యలో హాంకాంగ్ ప్రస్తావన తెచ్చి చైనాను ఓ బూతుమాట అన్నారు. సుమారు అయిదు లక్షలసార్లు చూశారు దాన్ని. చైనా జాతీయులను దూషించారంటూ ఫేస్‌బుక్ తీసేసింది. అప్పీలు చేస్తే అదే జవాబు. కంపెనీ నిర్ణయాలను సమీక్షించడానికి ఏర్పాటైన ఓవర్‌సైట్ బోర్డు ముందుకు వ్యవహారం వెళ్లింది. బోర్డు తన సొంత అనువాదకులను పిలిపించింది. వాళ్లు చెప్పిందేమిటంటే బర్మీస్‌లో ‘తయోక్’ అంటే చైనా దేశమూ అవుతుంది, చైనా మనిషీ అవుతాడు. మొత్తం పోస్టు చదివితే తిట్టింది ప్రభుత్వాన్నే తప్ప జనాన్ని కాదు. 2021 ఆగస్టులో పోస్టును తిరిగి పెట్టమని బోర్డు ఆదేశించింది.

మన రచ్చబండమీద ‘చైనావాడు మళ్లీ సరిహద్దు దాటాడు’ అంటాం. ఎవరా ‘వాడు’? బీజింగ్‌లో సైకిలు తొక్కుకుంటూ పోయే మనిషా? కాదు, ఆ ప్రభుత్వం. తెలుగు వచ్చినవాళ్లకు అర్థం చెప్పక్కర్లేదు. నిఘంటువు పట్టుకు కూర్చున్నవాడికి మాత్రం అది జాతిదూషణే! అలాగే ‘అరవం’ అనే మాట మనకు మామూలే. అదే చెన్నైలో కొందరికి చురుక్కుమంటుంది. ఊళ్లో ఒక కులం పేరు ఒకరి నోట పిలుపు, ఇంకొకరి నోట తిట్టు. అందుకే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా కులం పేరు పలికారా అన్నదొక్కటే చూడదు. అవమానించే ఉద్దేశం ఉందా, నలుగురిలో అన్నారా అని కూడా చూస్తుంది.

అయితే అనువాదకుడు ఉంటే చాలు, అంతా తేలిపోతుందనుకోకండి. బోర్డు మొట్టమొదటి తీర్పుల్లో ఇంకో బర్మా కేసుంది. ఫ్రాన్స్‌లో కార్టూన్ల గొడవకూ, చైనాలో వీగర్ ముస్లింలమీద సాగుతున్న అణచివేతకూ ముస్లింల స్పందనలో తేడా ఎందుకని ఒకరు ప్రశ్నించారు. ముస్లిం మగవాళ్ల మనస్తత్వంలోనే ఏదో లోపముందన్నట్టు ఒక ముక్క అన్నారు. ఫేస్‌బుక్ తీసేసింది. 2021 జనవరిలో బోర్డు వెనక్కి పెట్టించింది. మాట కించపరిచేదే కానీ, పోస్టు మొత్తం చూస్తే ద్వేషాన్ని ఎగదోసేది కాదంది. అమెరికాలోని ముస్లిం అడ్వొకేట్స్ అనే సంస్థ భగ్గుమంది. ఏడు లక్షలమందిని తరిమేసిన దేశంలో ఈ ఉదారత ఏమిటని కోప్పడింది. ఎవరిది సరైనది? మామూలు రోజుల్లో బోర్డు చెప్పింది సబబుగానే ఉంటుంది. నిప్పు రాజుకునే రోజుల్లో ఆ మాటే మరో గరిటెడు కిరసనాయిలు. ఆ రోజు ఎలాంటి రోజో తెలిసేది అక్కడి వీధిలో ఉన్నవాళ్లకే.

ఆ వీధిలో కూర్చోనివాళ్లే ఎక్కువగా ఈ పని చేస్తున్నారు. హైదరాబాద్‌లోనూ ఉన్నారు. ఫేస్‌బుక్ కోసం పనిచేసే ఓ అవుట్‌సోర్సింగ్ కార్యాలయంలో ఒక్కొక్కరు ఎనిమిది గంటల షిఫ్టులో రెండువేల పోస్టుల దాకా చూడాల్సి వస్తోందని కొందరు ఉద్యోగులు చెప్పినట్టు 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ రాసింది. ఆ లెక్కను కంపెనీ ఒప్పుకోలేదు. రెండువేలు కాదు, అందులో సగమే అనుకుందాం. ఒక్కోదానికి అర నిమిషం కూడా రాదు. ‘కలా’ అన్నది పప్పా, తిట్టా అని తేల్చడానికి ఇంట్లో అమ్మమ్మకైతే అర నిమిషం చాలు. కొత్తవాళ్లకి?

తుడిచేస్తే సాక్ష్యమేదీ?

తీసేయడంలోనూ ఓ చిక్కుంది. రొహింగ్యాల ఊచకోతమీద ఆఫ్రికా దేశం గాంబియా 2019 నవంబరులో ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. బర్మా సైన్యం విద్వేషాన్ని ఎలా రాజేసిందో చూపించాలంటే ఆ పోస్టులే సాక్ష్యం. ఎక్కడున్నాయవి? ఫేస్‌బుక్ తొలగించిన పేజీల్లో. ఇవ్వమని గాంబియా అమెరికా కోర్టుకెక్కింది. వ్యక్తిగత గోప్యత చట్టం ఒప్పుకోదని కంపెనీ అడ్డుచెప్పింది. 2021 సెప్టెంబరులో ఒక న్యాయమూర్తి ఇచ్చితీరాలన్నారు. డిసెంబరులో పై న్యాయమూర్తి ఆ ఆదేశాన్ని చాలావరకు పక్కనపెట్టారు. జనం కళ్లపడకుండా తీసేయడం ఒక ఎత్తు, న్యాయస్థానానికి దొరక్కుండా పోవడం ఇంకో ఎత్తు. ఉంచినప్పుడు మనుషులను చంపిన మాట, తీసేశాక వాళ్లకు న్యాయం దక్కడానికి అడ్డమైంది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం గద్దెనెక్కిన మూడురోజులకే ఫేస్‌బుక్‌ను దేశంలో ఆపేయించింది. అప్పటికి దొంగచాటు దారుల్లో జనం అందులోనే ఊరేగింపులకు పిలుపులిచ్చుకుంటున్నారు. ఆ నెలాఖర్లో ఫేస్‌బుక్ సైన్యాన్ని పూర్తిగా బహిష్కరించింది. సైన్యం శిక్షాస్మృతిలో 505(ఎ) అనే కొత్త సెక్షన్ చేర్చింది. భయం కలిగించే రాతలకు, తప్పుడు వార్తలకు మూడేళ్లు. ఏది తప్పుడు వార్తో చెప్పేది సైన్యమే! సైన్యం మద్దతుదారులేమో టెలిగ్రామ్‌లోకి మారి, ఉద్యమకారుల పేర్లూ చిరునామాలూ పెట్టి పట్టించడం మొదలుపెట్టారు.

కంపెనీల పద్ధతులూ ఒక్కచోట నిలవడం లేదు. ఫేస్‌బుక్ యజమాని మెటా 2025 జనవరిలో విద్వేషపు రాతల నియమాలను సడలించింది. మరీ ఎక్కువ తీసేస్తున్నాం, అమాయకుల పోస్టులు పోతున్నాయి అన్నది దాని వాదన. శనగపప్పు అనుభవం చూస్తే ఆ వాదన అబద్ధమేమీ కాదు. వానవిల్లు అనుభవం చూసినవాళ్లకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

‘నన్ను అలా పిలవకండి’

బర్మాలో ఇప్పటికీ భారత సంతతివాళ్లున్నారు. వాళ్లలో నాలుగైదు తరాల కిందట వెళ్లినవాళ్ల మునిమనవలున్నారు. బర్మీస్‌లోనే కలలు కంటారు. బడిలో, బస్సులో, ఉద్యోగంలో ‘ఏయ్ కలా’ అన్న పిలుపు వింటూనే పెరిగారు.

2020 జూన్‌లో అమెరికాలో నల్లజాతివాళ్ల ఉద్యమం చూసి బర్మా యువత కొందరు ఓ ప్రచారం మొదలుపెట్టారు. ‘నన్ను కలా అని పిలవకండి’ అని సొంత ఫొటోలతో ఫేస్‌బుక్‌లో పెట్టారు. పెద్ద చర్చే జరిగింది. అందులో తప్పేముంది, మేం ప్రేమగానే అంటాం అన్నవాళ్లున్నారు. చిన్నప్పుడు తామూ అన్నామని నొచ్చుకున్నవాళ్లున్నారు. సైనిక తిరుగుబాటు తరువాత, అదే సైన్యం తుపాకీ తమవైపు తిరిగాక, రొహింగ్యాల గోడు అప్పుడు నమ్మనందుకు క్షమించమని చాలామంది బర్మీయులు అదే ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. 2021 జూన్ 13న నల్లదుస్తులు వేసుకుని రొహింగ్యాలకు సంఘీభావంగా ఫొటోలు పెట్టారు.

‘నన్ను కలా అని పిలవకండి’... ఆ ప్రచారం పోస్టుల్లోనూ ‘కలా’ ఉంది. మూడేళ్ల కిందట శనగపప్పును పట్టుకున్న యంత్రం వెతికింది ఆ మాటనే.